నేను బిగించిన ఫ్యాన్

హిల్కా, పదింటికి ఆ రేడాన్ విషవాయువు సంగతి చూసే పెసోనెన్ గారు వస్తారు. లైసెన్సు ఉన్నావిడే, ఈసారి నా చేతిపని కాదు. కాఫీ పెట్టు, డబ్బాలో యాలకుల బన్నులున్నాయి. ఆ వాయువు పోవడానికని నేలమాళిగలో నేను బిగించిన ఫ్యాన్ ఆపెయ్యి కానీ విప్పకు. దాన్ని ఆవిడ చూడాలట.

నిన్న ఫోన్లో "మీ ఫ్యాన్ గాలిని ఎటు తోస్తోందండీ?" అని అడిగారు.

"బయటికేనండీ," అన్నాను గర్వంగా.

"అందుకేనండీ కొలత పెరిగింది. పోయిన గాలికి బదులు ఇల్లు కింది మట్టిలోంచి రేడాన్ని లాక్కుంటోంది," అన్నారు.

పని తెలిసినవాళ్లను పిలుద్దామని నువ్వంటే, "సొంత చేతుల్తో ఇల్లు కట్టినవాడికి ఫ్యాన్ ఒక లెక్కా" అన్నాను. వీధిలో అందర్నీ పిలిచి మరీ చూపించాను. ఆవిడ నవ్వితే నవ్వనీ, నువ్వూ నవ్వు.

నా గురక పడలేక నువ్వు పడుకునేది ఆ కిందే కదా. అది గుర్తొచ్చాక మాత్రం నాకు నవ్వు రాలేదు. ఇవాళ్టి నుంచి పైగదిలో పడుకో.

తౌనో

నా సంగతి అడుగుతావేమో, పెరట్లో మన ఆవిరిస్నానాల సౌనా గదిలో బల్ల మీద పడుకుంటాను. అక్కడ పొయ్యి మీది రాళ్లు నా గురకకి నీలాగా లేచి కిందికి పోలేవు.