బావగారు పాడాక పాస్ అనడమెలా?

రాజోలు,
జూన్ 2.

గౌరవనీయులైన భవానీదేవి మేడమ్ గారికి,

రాజోలు నుంచి కొబ్బరితోటల సత్తిరాజు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం కులాసా.

మీరు రాసిన 'పదమూడు ముక్కల పాఠాలు' అమలాపురంలో కొన్నాను. అట్ట వెనక "సందేహాలుంటే ఉత్తరం రాయండి, ఫోన్ చేస్తే ఎత్తను" అని వేశారు కనుక ఉత్తరమే రాస్తున్నాను. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడి అమ్మాయి కంగారుపడి, "ఎవరికైనా ఒంట్లో బాగోలేదాండీ?" అని అడిగింది.

మీ పుస్తకం మూడు భాగాలు కదా: నేర్చుకోవడం, మెరుగుపడటం, ఆనందించడం. మొదటి భాగం పూర్తిచేశాను. బ్రిడ్జికి నలుగురు కావాలి, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు, ఆటకి ముందు ఎన్ని పట్లు పడతామో పాట పాడాలి, పాడినన్ని పట్టలేకపోతే మునిగినట్టు. ఇంతవరకు బోధపడింది. చిక్కంతా పాట దగ్గరే వచ్చింది.

నా జట్టు మా వియ్యంకుడు మంగరాజు గారు. ఆయనకి ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువులున్నాయి. మా హారికని వాళ్ళ నాగసతీష్‌కి ఇచ్చి ఏడాది దాటింది. ఆదివారం ఆదివారం అమలాపురం క్లబ్బులో ఇద్దరం ఎదురెదురుగా కూర్చుంటాం. మొన్న నేను ఒకటి ఆఠీను పాడాను. బావగారు రెండు అన్నారు. మగపెళ్ళివారు రెండు అన్నాక నేను గమ్మున కూర్చుంటే ఏం మర్యాదండి? మూడు అన్నాను. ఆయన నాలుగు అన్నారు. అలా అలా ఏడు దాకా వెళ్ళిపోయాం. పాడిన అంకెకి ఆరు కలిపి అన్ని పట్లు పట్టాలి కదా, ఏడు పాడితే పదమూడు పట్లూ మేమే పట్టాలి. మేం పట్టినవి ఆరు.

ప్రతి వారం ఇదే వరస. క్లబ్బు సెక్రటరీ జనార్దన్ గారు, "తమరిద్దరూ ఏడు దగ్గర ఆగేరంటే ఆటలో ఎనిమిది లేదు కాబట్టేనండీ" అన్నారు. అంతటితో ఊరుకోలేదు. జూలైలో కప్పు పోటీ ఉంది. అందులో కూడా ఆఖరున వస్తే మా జట్టు విడగొట్టి, నన్ను దొరబాబు గారితో కూర్చోబెడతారట.

ఆడపిల్ల తండ్రిని. వియ్యంకుణ్ణి వదిలేసి ఇంకొకరి ఎదుట ఎలా కూర్చోమంటారు? అదలా ఉంచండి. ఉన్నమాట రాస్తున్నాను, నాకు ఆయనంటే చాలా ఇష్టం. ఈ వయసులో కొత్తగా ఓ స్నేహితుడు దొరుకుతాడని నేననుకోలేదు. ఆదివారం చొక్కా శుక్రవారమే ఇస్త్రీ చేయించుకుంటున్నాను.

కనుక బావగారు పాడాక, మర్యాద తగ్గకుండా నేను ఆగడమెలాగో సెలవియ్యగలరు.

ఇట్లు,
మీ పాఠకుడు సత్తిరాజు.

తా.క.: పుస్తకం కొన్న సంగతి బావగారికి తెలియదు. నేను నేర్చుకుంటున్నానంటే ఆయనకి రాదన్నట్టు ఉంటుంది కదండీ. పంచాంగం అట్ట తొడిగి చదువుతున్నాను. మా ఆవిడ తులసి నిన్న ప్రయాణానికి మంచి రోజు చూడమంది. "ఆఠీను రాణి మన దగ్గరుంటే ఫరవాలేదు" అనేశాను.

ఇంకో తా.క.: మూడో భాగం 'ఆనందించడం' రెండే పేజీలుంది. నా కాపీలో కాగితాలు ఊడిపోయాయేమో చెప్పగలరు.

---

కొత్తపేట,
జూన్ 7.

సత్తిరాజు గారికి నమస్కారం.

నేను కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. మీ సందేహం ఏ విద్యార్థీ ఎప్పుడూ అడగలేదు. ఈ మధ్యనే వినడం మొదలుపెట్టాను.

నాలుగో అధ్యాయం మళ్ళీ చదవండి. చేతిలో బలం లేకపోతే పాస్ అనాలి. పాస్ అంటే "మీ మాట నాకు లెక్కలేదు" అని కాదు, "నా దగ్గర ఇంతకు మించి లేదు" అని. అది నిజం చెప్పడం. వియ్యంకుడికైనా నిజం చెప్పవచ్చు.

ఆయన మొహం చూస్తే నోరు రాదనుకుంటే కళ్ళు మూసుకుని అనెయ్యండి.

ఉంటాను,
భవానీదేవి.

తా.క.: కాగితాలేవీ ఊడిపోలేదు. ఆనందించడం గురించి నాకు తెలిసింది అంతే.

---

రాజోలు,
జూన్ 17.

పూజ్యులైన భవానీదేవి మేడమ్ గారికి,

సత్తిరాజు నమస్కారాలు. మీరు చెప్పినట్టే చేశాను. కొంప మునిగింది.

ఆదివారం బావగారు రెండు కళావరు పాడారు. నా చేతిలో చెప్పుకోదగ్గ ముక్క లేదు. గట్టిగా కళ్ళు మూసుకుని "పాస్" అన్నాను. కళ్ళు తెరిచేసరికి సెక్రటరీ గారు నా పక్కన నిలబడి ఉన్నారు. కళ్ళు మూయడం జట్టువాడికి సైగ చెయ్యడమట! "ఎన్ని ముక్కలుంటే ఎంతసేపు మూయాలని మాట్లాడుకున్నారండీ?" అని అందరి ముందూ అడిగారు. మిమ్మల్ని బయటపెట్టడం ఇష్టంలేక కంట్లో నలక పడిందన్నాను. క్లబ్బులో ఉన్న కంటి డాక్టరు గారు లేచి వచ్చి రెండు కళ్ళూ విప్పదీసి చూశారు. నలక లేదని పైకే చెప్పారు.

బావగారు ఆట అవగానే లేచారు. కాఫీ తాగకుండా వెళ్ళిపోయారు. నేను పాస్ అన్నందుకే అని నాకు తెలుసు.

మర్నాడు ఉండబట్టలేక ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించి పంపాను. సాయంత్రానికి వాళ్ళ దగ్గర్నుంచి బుట్టెడు రొయ్యలు వచ్చాయి. రొయ్యలంతటివి వచ్చాక ఊరుకోలేం కదా, ఓ బండెడు బొండాలు పంపాను. నిన్న ఆటో నిండా పనసకాయలు వచ్చాయి. వీధిలోవాళ్ళు తులసిని, "మళ్ళీ పెళ్ళెవరికండీ?" అని అడుగుతున్నారు. ఇప్పుడు పనసకాయలకి మించింది ఏం పంపాలో తోచడం లేదు.

ఇంకో సందేహం. పాట బావగారిదైనప్పుడు నేను డమ్మీని కదా. నా ముక్కలన్నీ బల్ల మీద పరిచేసి కూర్చోవాలి. ఊరికే కూర్చోవడం బాగోక "భేషండీ బావగారూ, ఆ ఆసు వెయ్యండి, ఆయ్!" అంటున్నాను. తప్పా?

ఇట్లు,
అయోమయంలో ఉన్న సత్తిరాజు.

తా.క.: మీకో పనసకాయ పంపుతున్నాను.

---

కొత్తపేట,
జూన్ 22.

సత్తిరాజు గారికి,

కళ్ళు మూసుకోమన్నది మాటవరసకి. ఇకమీదట కళ్ళు తెరిచే ఆడండి.

మీరిద్దరూ ఇళ్ళ దగ్గర కూడా పాటే పాడుతున్నారు. పూతరేకులు ఒకటి, రొయ్యలు రెండు, బొండాలు మూడు, పనసకాయలు నాలుగు. ఇలాగే వెళితే ఏడోది ఏనుగే. ఎవరో ఒకరు ఆగాలి. పనసకాయల మీద పాస్ అనండి.

డమ్మీ సంగతి ఆరో అధ్యాయంలో ఉంది. డమ్మీ ముక్కలు పరిచాక నోరు విప్పకూడదు. చేతులు ముడుచుకుని కూర్చోవాలి. మెచ్చుకోకూడదు, నిట్టూర్చకూడదు, దగ్గకూడదు.

ఉంటాను,
భవానీదేవి.

తా.క.: పనసకాయ మా అక్క అమ్మాజీ ఒళ్ళో పెట్టుకుని కోసింది. ఆ జిగురు ఇంకా వదల్లేదు. దయచేసి ఇంకేమీ పంపకండి.

---

రాజోలు,
జూలై 1.

మేడమ్ గారికి,

సత్తిరాజు నమస్కారాలు.

పనసకాయలకి బదులు పంపలేదు. పాస్ అన్నాను. ఇంతలో ఆదివారం భోజనానికి రమ్మని వాళ్ళింటి నుంచి పిలుపొచ్చింది. దారంతా ఆలోచించాను. వాళ్ళిల్లు, వాళ్ళ విస్తరి, వాళ్ళ వడ్డన. అంటే పాట వాళ్ళది. అక్కడ నేను డమ్మీని. కనుక వెళ్ళగానే చేతులు ముడుచుకుని కూర్చున్నాను. వియ్యపురాలు గారు, "గుత్తొంకాయ ఎలా కుదిరిందండీ అన్నయ్యగారూ?" అని అడిగారు. మెచ్చుకోకూడదన్నారు కదా, మెచ్చుకోలేదు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పులిహోర మిరపకాయ గొంతుకి అడ్డంపడినా దగ్గలేదు.

ఇంకా విడ్డూరం ఏమిటంటే, బావగారు కూడా నోరు విప్పలేదు! ఇద్దరం ఎదురెదురుగా చేతులు ముడుచుకుని పాయసం వంక చూస్తూ కూర్చున్నాం.

ఆ సాయంత్రం హారిక ఫోన్ చేసింది. "నాన్నా, ఏం జరిగింది? మావయ్యగారు సరిగ్గా అన్నం తినడం లేదు. గది తలుపేసుకుని ఒకటే పంచాంగం చదువుతున్నారు!" అంది. మాతో రాకపోకలు మానెయ్యడానికి మంచి రోజు చూస్తున్నారు, ఇంకేముంది.

తులసి నాతో మాట్లాడటం మానేసింది. ఈ ఆదివారమే కప్పు పోటీ. ఏం చెయ్యమంటారు?

ఇట్లు,
దిక్కుతోచని సత్తిరాజు.

తా.క.: గుత్తొంకాయ అద్భుతంగా ఉంది. మీకైనా చెప్పుకుంటున్నాను.

---

కొత్తపేట,
జూలై 3.

సత్తిరాజు గారికి,

ఇది స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

ఆ పుస్తకం బల్ల మీది ఆటకి రాశాను, భోజనానికి కాదు. ముందుమాటలో ఆ ముక్క రాయాల్సిందని ఇప్పుడు తెలిసింది.

ఆదివారం ఒక్కటే గుర్తుపెట్టుకోండి. బావగారి మొహం చూడకండి, సెక్రటరీ మొహం చూడకండి, మీ ముక్కలు చూడండి. ఉన్నది ఉన్నట్టు పాడండి. వియ్యపురాలు గారికి మాత్రం గుత్తొంకాయ బాగుందని వెంటనే కబురు పెట్టండి.

ఉంటాను,
భవానీదేవి.

తా.క.: ఆ పోటీకి బయట ఊళ్ళవాళ్ళని రానిస్తారా? ఏం లేదు, ఊరికే అడిగాను. జవాబు అక్కర్లేదు, తెలుసుకుంటాను.

---

రాజోలు,
జూలై 7.

గురుతుల్యులైన భవానీదేవి మేడమ్ గారికి,

సత్తిరాజు సాష్టాంగ నమస్కారాలు. మేం ఆఖరున రాలేదు! ఆఖరు నుంచి రెండో స్థానం! మా జట్టుని విడగొట్టరు.

అంతా ఒక్క ఆటలో తేలింది. పోటీలో అవే ముక్కలు అన్ని బల్లల మీదా ఆడిస్తారు కదా. ఆ ఆటలో నేను ఒకటి ఇస్పేటు పాడాను. బావగారు పాస్ అన్నారు. మా ఇద్దరి చరిత్రలో ఆయన పాస్ అనడం అదే మొదలు. తర్వాత డమ్మీగా ముక్కలు పరిస్తే చూద్దును కదా, రెండు ఆసులు, రెండు రాజులు! ఎవరైనా నాలుగు దాకా పాడే చెయ్యి. కానీ మిగిలిన ఇస్పేట్లన్నీ అవతల ఒక్కరి దగ్గరే పోగుపడ్డాయి. తొమ్మిది పట్లకి మించి ఎవరికీ రాలేదు. నాలుగు పాడినవాళ్ళూ మునిగారు, ఆరు పాడినవాళ్ళూ మునిగారు. ఒకటి దగ్గర ఆగిన మేం మాత్రం ఒడ్డున పడ్డాం.

సెక్రటరీ గారు వచ్చి, "ఒకటి దగ్గర ఆగేరా? తమరిద్దరేనా?" అని పట్ల లెక్క రాసిన చీటీని రెండుసార్లు తిప్పి చూసుకున్నారు.

ఆఖరి స్థానం కొత్తగా వచ్చిన ఇద్దరాడవాళ్ళకి దక్కింది. కొత్తపేట అమ్మాజీ గారి జట్టని పలకమీద రాశారు. అందులో ఆకుపచ్చ చీర కట్టుకున్నావిడ ఆ ఇస్పేట్ల ఆటలో ఆరు పాడి మూడు పట్లు మునిగారు. పాపం, చీటీ వంకే చూస్తూ కూర్చున్నారు. నాకు జాలేసి దగ్గరికి వెళ్ళి, "బాధపడకండమ్మా, మేమూ అలాగే ఉండేవాళ్ళం. ఫలానా పుస్తకం ఉంది, మొదటి అధ్యాయం నుంచి మొదలుపెట్టండి, ఆయ్" అని మీ పుస్తకం పేరు కాగితం మీద రాసిచ్చాను. మీ ఊరివాళ్ళే. తీరికున్నప్పుడు కాస్త నేర్పిద్దురూ.

ఇంత సంతోషంలోనూ నాకు అన్నం సయించడం లేదు మేడమ్. రెండు ఆసులు చేతిలో పెట్టుకుని పాస్ అన్నారంటే ఆయనకి నామీద ఎంత కోపం ఉండాలి! ఆటంతా చేతులు ముడుచుకుని, పెదవి విప్పకుండా కూర్చున్నారు. పాస్ అనేటప్పుడు ఓ క్షణం కళ్ళు కూడా మూసుకున్నారు. నా మొహం చూడటం ఇష్టంలేకే. ఆట అయ్యాక కారెక్కి వెళ్ళిపోయారు. మీ పుస్తకం పుణ్యాన జట్టు నిలబడింది, మనిషి పోయారు. ఆయన లేని ఆదివారం నాకెందుకండి?

ఇట్లు,
సత్తిరాజు.

తా.క.: తులసి పంచాంగం విప్పింది. ఇప్పుడు తనే చదువుతోంది. నాలుగో అధ్యాయంలో ఉంది.

---

కొత్తపేట,
జూలై 12.

సత్తిరాజు గారికి నమస్కారం.

ఒకరి చేతిలో ఏముందో ఇంకొకరికి చెప్పడం మా ఆటలో పెద్ద తప్పు. కానీ ఆట ముగిశాక ముక్కలు చూపించుకోవచ్చు. అందుకని చెబుతున్నాను.

మీ మొదటి ఉత్తరం కన్నా ముందే నాకు ఉప్పలగుప్తం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. "పిల్లనిచ్చినవారండీ. ఆయన పాడాక నేను ఆగిపోతే మా కోడలు చిన్నబుచ్చుకోదా? మర్యాద తగ్గకుండా పాస్ అనడమెలా?" అని మంగరాజు గారు అడిగారు. కళ్ళు మూసుకోమని, కానుకలు ఆపమని, డమ్మీ నోరు విప్పకూడదని మీకు రాసినవన్నీ ఆయనకీ రాశాను. పుస్తకం ఎక్కడ దాచాలో తెలియడం లేదంటే మీ పంచాంగం ఉపాయం కూడా నేనే చెప్పాను. అదొక్కటే నా సొంతం కాదు.

మీరు పాస్ అన్న రోజున ఆయన కాఫీ తాగకుండా వెళ్ళింది అలిగి కాదు. మీకు వచ్చినంత ధైర్యం తనకి రానందుకు సిగ్గుపడి, తను ఎలా నేర్చుకోవాలో అడుగుతూ నాకు ఉత్తరం రాయడానికి. రెండు ఆసులతో పాస్ అన్నది కోపంతో కాదు. నేర్చుకున్న కొత్త మాట మీ దగ్గర అని చూపించాలని. ఆయన చివరి ఉత్తరమూ మీ చివరి ఉత్తరమూ ఒకే రోజున వచ్చాయి. ఆయన ఇలా ముగించారు: "జట్టు నిలిచింది గానీ మా బావగారు నాతో మాట్లాడటం లేదండీ. ఆయన లేని ఆదివారం నాకెందుకండీ?"

ఈ ఉత్తరం చదవడం పూర్తికాగానే చెప్పులేసుకోండి. ఆయనకీ ఇదే రాశాను కనుక ఆయనా బయల్దేరి ఉంటారు. ఇద్దరూ దారిలో ఒకరినొకరు దాటిపోకుండా అమలాపురం క్లబ్బులో ఆగండి. కానుకలేమీ పట్టుకెళ్ళకండి.

రెండో ముద్రణలో మూడో భాగం పెద్దది చేస్తున్నాను. ఇప్పుడు రాయడానికి కాస్త సరుకు దొరికింది.

ఉంటాను,
భవానీదేవి.

తా.క.: ఆకుపచ్చ చీర నాదే. మీకోసం కావాలని ఆఖరున వచ్చాననుకోకండి, నేను అంత మంచిదాన్ని కాదు. నా పుస్తకంలో తొమ్మిదో అధ్యాయం ప్రకారం ఆరు పాడాను, మునిగాను. మా అక్క ఇంకా నాతో మాట్లాడటం లేదు. మీరు రాసిచ్చిన కాగితం దాచుకున్నాను. ఆ పుస్తకం కాపీలు మా ఇంట్లో మంచం కింద కట్టలు కట్టలుగా ఉన్నాయి కనుక కొనక్కర్లేకపోయింది. మీరు చెప్పినట్టే మొదటి అధ్యాయం నుంచి మొదలుపెట్టాను.