గాజుల పాటకు వేసిన మార్కులు

హనుమాన్ జంక్షన్,
6-8-1978.

మా బంగారు తల్లీ, రత్నం!

ఎనభై రెండు! నూటికి ఎనభై రెండమ్మా! తొందరలో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు. అయిదో తరగతితో ఆగిపోయిన ఈ శౌరయ్య కూతురి పేరు బెజవాడ వారపత్రికలో అచ్చయింది! ‘కొత్త రికార్డులు’ అనే పేజీలో, పైనుంచి రెండోది. రామకోటేశ్వరరావు గారని, ఆయన రాస్తారు. గొంతుకి నలభై, బాణీకి ముప్పై, మాటలకి ఇరవై, వాద్యాలకి పది, ఇలా విడివిడిగా మార్కులు వేసి కూడతారు. ఆ వారం సినిమా పాటల రికార్డులే అరవై దాటలేదు. మద్రాసులో ఆసుపత్రి డ్యూటీలు చేసుకుంటూ, ఏ కంపెనీ అండా లేకుండా, నువ్వూ నీ ఇద్దరు నర్సు స్నేహితురాళ్లూ ఒక గిటారు పెట్టుకుని సొంతంగా కట్టి పాడుకున్న ప్లేటుకి ఎనభై రెండు!

ఆయన రాసింది ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను, చూడు. “జీవరత్నం గొంతు పాలుగారే పసిపాప గొంతు. మొదటిదైన గాజుల పాట లేగదూడలా చెంగుచెంగున గంతులేస్తుంది. కొత్త గాజులు తొడుక్కున్న పిల్ల సంబరం కళ్లకు కట్టింది.” ఏడుసార్లు చదివాను తల్లీ. హనుమయ్య టీ కొట్టు ముందు నిలబడి పైకి చదివాను. లారీ డ్రైవర్లు కూడా గ్లాసులు పట్టుకుని విన్నారు. అందరికీ బూందీ పంచాను. “ఏం శౌరయ్యా, జిల్లాలో పెళ్లిళ్లన్నిటికీ మైకుసెట్టు పెట్టి పాటలు వేస్తావు, నీ కూతురి పాట ఒక్కరోజన్నా వేశావా?” అన్నాడు హనుమయ్య. రేపే వేస్తానన్నాను. నాలుగు హారన్లూ కడతాను. అటు ఏలూరు రోడ్డుకీ, ఇటు బెజవాడ రోడ్డుకీ వినపడాలి.

మీ అమ్మ ఉంటే ఈ పూట... సర్లే, ఇవాళ ఏడవను.

ప్రభువు నిన్ను చల్లగా చూడాలి.

తబ్బిబ్బైపోతున్న నీ నాన్న,
శౌరయ్య


హనుమాన్ జంక్షన్,
9-8-1978.

అమ్మా రత్నం,

మొన్నటి ఉత్తరం నీకు చేరకపోతే బాగుండునని ఇవాళంతా అనుకున్నాను. చేరే ఉంటుంది.

నీకొకటి చెప్పాలి. జూన్ నెలలో నువ్వు రెండు ప్లేట్లు పంపావు. ఒకటి పత్రిక ఆఫీసులో ఇచ్చి వచ్చాను. రెండోది పెట్టెలో పెట్టాను, తియ్యలేదు. ఎలా ఉంది నాన్నా అని నువ్వు రాస్తే బ్రహ్మాండంగా ఉందని జవాబిచ్చాను. నేను వినలేదమ్మా. నీ గొంతంటే నాకు భయం. నీకు పదేళ్లప్పుడు క్రిస్మసు పాటల్లో నీ గొంతు ఒక్కటీ అడుగున బరువుగా పలికితే, జనం తిరిగి చూశారు. మైకు నాదే. నీ ముందు నుంచి జరిపిందీ నేనే. “పెదవులు కదుపు చాలు, గొంతు ఎత్తకు” అని నీ చెవిలో చెప్పిందీ నేనే. నువ్వు మరిచిపోయావో లేదో నాకు తెలియదు. నేను మరిచిపోలేదు.

సోమవారం హారన్లు కట్టాను. నలభై మంది పోగయ్యారు. చిన్న ప్లేట్లన్నీ నలభై అయిదు స్పీడులో తిరుగుతాయి కదా, నీ దానిలో నాలుగు పాటలు పట్టించడానికి నిమిషానికి ముప్పై మూడు చుట్లే పెట్టించావు. ఆ అంకె లేబులు అంచున చీమంత ఉంది. ఇరవై ఏళ్లుగా ఇదే పని నాకు, చూశాను, ముప్పై మూడులోనే వేశాను. నీ గొంతు వచ్చింది. నిదానంగా, అడుగు నుంచి. “చేతికి నాలుగు గాజులు, ఏ తల్లివో చెప్పండి” అని. నిరుడు ఉప్పెనలో, చెల్లెలిని చూడటానికి అవనిగడ్డ వైపు వెళ్లిన మీ అమ్మని, వరసగా పడుకోబెట్టిన ఆ మనుషుల్లో ఆకుపచ్చ గాజులు చూసి గుర్తుపట్టింది నువ్వు. నేను దగ్గరికి రాలేకపోయాను. అది సంబరం పాట కాదు.

“ఇదేంటయ్యా, ఈ ఏడుపు? మగాడెవడో పాడుతున్నట్టుంది!” అన్నారు. “పత్రికలో రాసింది వెయ్యవయ్యా, ఆ పసిపాప గొంతు!” అని హనుమయ్య. నా చెయ్యి స్పీడు మీటకి పోయింది. నలభై అయిదుకి తిప్పాను. కీచుగా, పరుగెత్తుతూ వచ్చింది. “ఆఁ, ఇదీ పాటంటే!” అని చప్పట్లు. అప్పుడు తెలిసింది నాకు, రామకోటేశ్వరరావు గారు ఏ స్పీడులో విన్న పాటకి మార్కులు వేశారో.

వెంటనే వెనక్కి తిప్పాలి తల్లీ. తిప్పలేదు. మూడుసార్లు అలాగే వేశాను. మీ అమ్మ గాజులకి జనం కాళ్లు ఆడించారు, నేను చూస్తూ నిలబడ్డాను. నా లోపల సంతోషంగా కూడా ఉంది. అది రాయకపోతే ఈ ఉత్తరం అబద్ధమవుతుంది.

ఆయన దగ్గరికి వెళ్లి చెప్పనా? చెబితే ఆ ఎనభై రెండు పోతాయి. నువ్వు ఎలా అంటే అలా.

నీ ముందు తలెత్తలేని నాన్న,
శౌరయ్య


హనుమాన్ జంక్షన్,
27-8-1978.

రత్నమ్మా,

నీ కార్డు అందింది. వెళ్లమనీ రాయలేదు, వద్దనీ రాయలేదు. ఒక్కటే అడిగావు: “నాన్నా, నువ్వు ముప్పై మూడులో చివరిదాకా విన్నావా?” దానికి జవాబు రాయడం కంటే బెజవాడ బస్సెక్కడమే తేలికనిపించింది.

రామకోటేశ్వరరావు గారు మేడ మీద గదిలో ఉన్నారు. పక్కన ప్లేట్ల దొంతర. ఒకటి వేస్తారు, సగం పాట వింటారు, అట్ట మీద పెన్సిలుతో అంకె వేసి పక్కన పడేస్తారు. “సాయంత్రానికి పన్నెండు తేల్చాలండీ, తొందరగా చెప్పండి” అన్నారు. చెప్పాను. “ఎనభై రెండు వేస్తే తగువుకొచ్చిన మనిషిని మిమ్మల్నే చూస్తున్నాను” అని నవ్వి, ముప్పై మూడులో వేశారు. రెండో చరణానికే ముల్లు ఎత్తేశారు.

“ఇది ఆడపిల్ల గొంతేనా అండీ? ఊరుకోండి, ఎవరికీ తెలియదు. అమ్మాయికి మంచే జరుగుతుంది.”

“మీరు మెచ్చుకున్న గొంతు మా అమ్మాయిది కాదండీ.”

ఆయన కాసేపు పెన్సిలు చివర కొరికారు. “అయితే ఇరవై ఎనిమిది. సరేనా?”

“చివరిదాకా వినండి బాబూ.”

“అక్కర్లేదండీ, తెలిసిపోతుంది.”

ఇరవై ఎనిమిదే ఎందుకో పత్రిక వచ్చాక అర్థమైంది. “అచ్చుతప్పు: జీవరత్నం రికార్డుకు 28 మార్కులకు బదులు 82 అని పడినది. పాఠకులు సవరించుకోగలరు.” అంతే. స్పీడు మాట లేదు. ఆయన చెవి చేసిన తప్పుని అచ్చు కూర్చే మనిషి మీదికి తోసేశారు. పసిపాప గొంతు, లేగదూడ అలాగే ఉన్నాయి. “అంత పొగిడి ఇరవై ఎనిమిదా! ఇంకో ఏడు మార్కులొస్తే పాసయ్యేది కదయ్యా” అని హనుమయ్య కొట్టు కొట్టంతా నవ్వింది.

ఇవాళ పూజ నుంచి వచ్చి నాలుగు హారన్లూ కట్టాను. ముప్పై మూడులో వేసి మీట మీద నుంచి చెయ్యి తీసేశాను. ఆపమని అరిచారు. ఆపలేదు. రెండో చరణం దాటింది. మూడోదీ దాటింది. మొన్న ఆ కీచు పరుగులో ఒక్క మాటా అందని ఆఖరి చరణం వచ్చింది.

“మట్టి వేసేటప్పుడు అందరూ పాడారు,
నేను పెదవులే కదిపానమ్మా,
నాన్న చెప్పినట్టు.”

ఆ రోజు సమాధి దగ్గర నీ పక్కనే నిలబడ్డాను రత్నం. పాడుతున్నావనే అనుకున్నాను.

పాట అయిపోయాక ముల్లు ఎత్తాను. హనుమయ్య వచ్చి, ఈసారి నవ్వకుండా, “ఎవరిదయ్యా ఆ గొంతు?” అన్నాడు.

“మా అమ్మాయిది. ఇరవై ఎనిమిది మార్కులు” అన్నాను. మళ్లీ మొదటి నుంచి వేశాను.

నువ్వు జవాబు రాయకపోయినా నేను అడగను.

నీ నాన్న,
శౌరయ్య