ఏడో మెట్టు

చిలకలూరిపేట,
19-1-2003.

ప్రియమైన ఖలీల్ అన్నయ్యకు,

తమ్ముడు జాన్ బాషా సలాం చెప్పి రాస్తున్నది. ఇక్కడ నాయన, అమ్మ, నేను ముగ్గురం బాగున్నాం. ఖరగ్‌పూర్‌లో నువ్వు, షహనాజ్ వదిన కులాసాగా ఉన్నారని, అక్కడి చలికి వదినకు పట్టిన దగ్గు తగ్గిందని అనుకుంటున్నాను. తగ్గకపోతే మిరియాల కషాయం తాగమని అమ్మ చెప్పింది. ఎట్లా కాచుకోవాలో వదినకు తెలుసట, తాగేదాకా నువ్వు వెంటపడాలట.

నీ ఉత్తరం అందింది. రైల్వేవాళ్ళు శివరాత్రికి సెలవిచ్చారని చదివి అమ్మ ఆ కాగితం పట్టుకుని వీధంతా తిరిగొచ్చింది. నాలుగేళ్ళ తరవాత వస్తున్నావు మరి. నువ్వడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. ఒక్క ప్రశ్నకు మాత్రం చివర్లో రాస్తాను. ఆగలేక ముందే ఆఖరి పేజీ తిప్పకు, నీ అలవాటు నాకు తెలుసు.

కలకత్తాలో పాత వాల్వు ఆంప్లిఫయర్ ఒకటి విన్నానని, దాని శబ్దం వెచ్చగా ఉందని రాశావు. అన్నయ్యా, మన పేటలో మే నెలలో ఏ ఆంప్లిఫయర్ శబ్దమైనా వెచ్చగానే ఉంటుంది. మిరప తోటలకు మోటార్లు వేశారంటే మన లైనులో నూట అరవై వోల్టులు దాటవు. ఆ వాల్వు ఎర్రబడేలోపు పాట అయిపోతుంది. మనకు ట్రాన్సిస్టర్లే దిక్కు. రిపేరు కొట్లో రోజూ కూర్చునే నేను చెబుతున్నాను, రాసిపెట్టుకో. మొన్న ఒక మైకు సెట్టాయన గుంటూరు యార్డు దగ్గర మీటింగుకు పెట్టిన ఆంప్లిఫయర్ తెచ్చాడు. మూత విప్పి దుమ్ము పోవాలని గట్టిగా ఊదాను. లోపలున్నదంతా మిరప ధూళి. అరగంట తుమ్ముతూ కళ్ళు తుడుచుకుంటుంటే, ఎదురు కొట్టాయన మన ఇంట్లో ఎవరో పోయారనుకుని పరామర్శకు వచ్చాడు.

నీ బేసు గిటారు స్పీకరుకు కొత్త డబ్బా చేయించాను. పదిహేను అంగుళాల స్పీకరు అదే, ప్లైవుడ్డు మాత్రం మందంది. లోపల గోడలకు జిన్నింగు మిల్లు నుంచి తెచ్చిన దూది పరిచాను. పుస్తకాల్లో గాజుపీచు పెట్టమని ఉంటుంది. చుట్టూ పత్తి పండే ఊళ్ళో గాజుపీచు ఎందుకు? వెనకాల గుయ్యిమనే మోత పోయి, ఒక్కో స్వరం విడిగా, బొద్దుగా పలుకుతోంది. మన ఆర్కెస్ట్రాలవాళ్ళలో సగం మంది బేసంటే మోత అనుకుంటారు. కడుపులో గుద్దినట్టుంటే అది బేసు కాదు, అజీర్తి.

గిటారు మెడ మీది అడ్డ కడ్డీల్లో ఏడో మెట్టుకు తీగ తగిలి బరబరమనేది కదా, సరిచేయించావా అని అడిగావు. ఇక జన్మలో బరబరమనదు. దానికి నాది పూచీ.

నువ్వు పంపిన ఫ్యూజన్ క్యాసెట్ మూడుసార్లు విన్నాను. నీకు నచ్చింది, నాకు నచ్చలేదు. సితారాయన పరుగు, డ్రమ్ములాయన పరుగు, వాళ్ళిద్దరినీ దాటాలని బేసాయన పరుగు. ఒకే స్టాపులో జనం కోసం పోటీపడే మూడు ప్రైవేటు బస్సులు చూసినట్టుంది. రెండు సంగీతాలు కలవాలంటే ఒకరు పాడుతున్నప్పుడు ఇంకొకరు కింద చాప పరవాలి. ఆ పని తెలిసినవాడు మన ఇంట్లోనే ఉండేవాడు.

మొహిద్దీన్ బాషా చిన్నాయన ముప్ఫై ఏళ్ళు నాయన పక్కన కూర్చుని ఒత్తు ఊదాడు. చూడటానికి సన్నాయిలాగే ఉండి ఒకే ఒక్క స్వరం పలికే ఆ వాద్యానికి చప్పట్లు కొట్టినవాళ్ళను నేను చూడలేదు. బుగ్గల్లో గాలి నింపుకుని ఆయన ఆ ఒక్క స్వరాన్ని తెగకుండా పట్టుకుంటే, నాయన దాని మీద ముప్పావు గంట తోడి రాగం ఊదేవాడు. నీ గిటారు మొదటిసారి నా చేతికి వచ్చినప్పుడు, చిన్నాయన పనే ఇది అనిపించింది.

కిందటి వానాకాలం ఆయన పోయాక జరిగింది నీకు సగమే రాశాను. నాయన కరెంటుతో నడిచే శ్రుతిపెట్టె పట్టుకుని ఒక కల్యాణానికి వెళ్ళాడు. ఆలాపన మధ్యలో కరెంటు పోయింది, శ్రుతి ఆగింది, నాయన కూడా ఆగిపోయాడు. ఇంటికొచ్చి సన్నాయిని గుడ్డసంచిలో పెట్టి అటకెక్కించాడు. "ఊపిరి లేనిదాని పక్కన కూర్చోటం నా వల్ల కాదు" అన్నాడు. అయిదు నెలలు దాన్ని ముట్టలేదు. పొద్దున్నే సాధకం వినపడని మన ఇల్లు ఎలా ఉంటుందో నువ్వు ఊహించలేవు. ఆ నిశ్శబ్దం భరించలేక అమ్మ ఊరికే గిన్నెలు చప్పుడు చేసేది. నాకు భయమేసింది అన్నయ్యా, ఆయన మనకు మిగలడేమోనని భయమేసింది.

నువ్వు వెళ్ళిన రోజు మాటలు నేను మరిచిపోలేదు. "ఇనప మెట్లు ఎక్కి దిగటం సంగీతమట్రా!" అన్నాడు నాయన. "నీ పీపీ ఇంక పెళ్ళిళ్ళలో కూడా ఎవడూ వినడు" అన్నావు నువ్వు. గిటారు నా చేతిలో పెట్టి రైలెక్కావు. ఇద్దరూ ఇద్దరే. అయినా నేను ఆ గిటారే పట్టుకుని నాయన ముందు కూర్చున్నాను.

ముందు ఆంప్లిఫయర్‌ను లారీ బ్యాటరీ మీద నడిచేట్టు మార్చాను. "కరెంటు పోయినా ఇది ఆగదు నాయనా, ఒక్కసారి ఊదు" అని వారం రోజులు బతిమాలాను. ఒక ఆదివారం పొద్దున ఊదాడు. ఒత్తులాగా షడ్జం మోగిస్తూ కూర్చున్నంతసేపూ బాగానే ఉంది. ఉత్సాహం ఆపుకోలేక ఆయన వెంట తోడి గాంధారంలోకి వెళ్ళాను. అక్కడ దొరికిపోయాను. ఆ గాంధారం ఊగాలి. మెట్ల మీద నా వేలు ఊగదు, టకటకా దిగుతుంది. నాయన సన్నాయి దించేశాడు.

"నువ్వు మెట్లు దిగుతున్నావురా. నేను ఉయ్యాల ఊగుతున్నా. మనకి కుదరదులే" అన్నాడు. అందులో కోపం లేదు. కోపంగా అని ఉంటే నేను వదిలేసేవాణ్ణి.

కాబట్టి అన్నయ్యా, నీ గిటారుకు ఇప్పుడు ఏడో మెట్టు లేదు. ఆరోదీ లేదు, ఎనిమిదోదీ లేదు. ఇరవైకి ఇరవై పీకేశాను. ఒక్కో మెట్టునూ సోల్డరింగ్ ఐరన్‌తో వేడిచేసి, కటింగ్ ప్లేయర్‌తో నెమ్మదిగా లాగాను. ఎక్కడా చెక్క లేవలేదు. ఆ గాడుల్లో పల్చటి చెక్కపేళ్ళు దిగ్గొట్టి నున్నగా చిత్రిక పట్టింది మన వడ్రంగి అంకమ్మరావు. "జనం పళ్ళు కట్టించుకోటానికి పోతారు, నువ్వు పీకి పట్టుకొచ్చావేందయ్యా" అన్నాడు. గరుకు తీగలు చెక్కను తినేస్తాయని మద్రాసు నుంచి నున్నటి తీగలు తెప్పించాను. ఇప్పుడది మనిషిలాగా మూలుగుతోంది. నీ వస్తువును నిన్నడగకుండా ముట్టుకున్నాను. అడిగితే వద్దంటావని తెలిసే అడగలేదు. నువ్వు తిట్టే తిట్లన్నీ పడతాను గానీ, చేసిన పని మంచిదనే అంటాను.

ఇంతవరకూ రాయటం తేలికే. రాయలేక ఇరవై రోజులుగా దాచింది ఇకముందు ఉంది. పక్కింటి ఫోనుకు నువ్వు చేస్తే నాయన నా పక్కనే నిలబడతాడు, అందుకే ఉత్తరం.

మెట్లు తీసేసిన గిటారును ఆయన ముందు పెట్టాను. దాని మెడ మీద బొటనవేలు ఆనించి పైనుంచి కిందిదాకా నిమిరాడు.

"దీని కడ్డీలన్నీ ఏయిరా?"

"తీసేశాం నాయనా."

"ఇది పెద్దోడిది గదా. వాడికి తెలుసా?"

"అన్నయ్యే తీసెయ్యమన్నాడు. నీ గమకానికి అడ్డం రాకూడదని ఉత్తరం రాశాడు" అన్నాను.

నోరు జారి అనలేదు, కావాలనే అన్నాను. "వాడట్టా రాశాడా?" అన్నాడు నాయన. మళ్ళీ అదే అడిగాడు. అప్పుడు లేచి సన్నాయి తీసి, గుడ్డతో తుడిచి, గంటంబావు ఊదాడు. గాంధారంలో ఆయన ఎంత ఊగితే నేనంత ఊగాను. అమ్మ వచ్చి గడప దగ్గర కూర్చుంది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, ఎవరూ లేవలేదు.

ఇది జరిగి ఇరవై రోజులైంది. ఇప్పుడు రోజూ పొద్దున సాధకం వినపడుతోంది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో, మనవాళ్ళు దీపాలతో ఎత్తుగా కట్టే విద్యుత్ ప్రభ దగ్గర స్టేజీ మీద సన్నాయి, డోలు, బేసు కలిపి వాయిస్తున్నాం. నాయనే ఒప్పుకున్నాడు. అది ఫ్యూజన్ అవునో కాదో ముందు వరసలో కూర్చుని విని చెబుదువుగాని.

"నాయన నా గురించి అడిగాడా?" అని ప్రతి ఉత్తరంలోనూ రాస్తావు. అడగలేదు గనకే ప్రతిసారీ ఆ ప్రశ్న దాటేశాను. ఇప్పుడు అడుగుతున్నాడు. పెద్దోడు ఏ బండికి దిగుతాడని అడుగుతున్నాడు. టీ కొట్టు దగ్గర కూర్చుని "మా పెద్దోడు నాకోసం మెట్లు పీకించాడు" అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెబుతున్నాడు. ఇంకొకటి కూడా అడుగుతున్నాడు: "ఆ ఉత్తరం ఏదిరా? నా సన్నాయి సంచిలో పెట్టుకుంటా." కొట్లో ఉందని రెండుసార్లు తప్పించుకున్నాను. మూడోసారి ఏం చెప్పాలో నాకు తెలియటం లేదు.

ఆ ఉత్తరం నువ్వు రాయి అన్నయ్యా. డిసెంబరు మొదటి వారం తేదీ వెయ్యి. నాలుగు లైన్లు చాలు. కానీ నీకు నిజంగా అనిపిస్తేనే రాయి. అపస్వరం ఎక్కడున్నా ఆయన పట్టుకుంటాడు.

మెట్లన్నీ నంబర్లు వేసి మాత్రల డబ్బాలో దాచాను, ఒకటి తప్ప. ఈ కవరులో గుడ్డపేలికలో చుట్టి ఉన్నది ఏడో మెట్టు. నీకు మనసొప్పకపోతే దాన్ని వెనక్కి పంపు. ఇరవై మెట్లూ మళ్ళీ బిగించి నీ గిటారు నీకప్పగిస్తాను, నాయనకు నిజం నేనే చెబుతాను. మనసొప్పితే దాన్ని నీ దగ్గరే ఉంచుకుని ఉత్తరం ఒక్కటే పంపు.

వసారాలో నాయన సాధకానికి కూర్చుని నన్ను కేకేస్తున్నాడు. వెళ్ళి శ్రుతి పట్టాలి.

ఇట్లు,
నీ గిటారు పళ్ళు పీకిన తమ్ముడు,
జాన్ బాషా