మింట్ గేటు

ఆగస్టు 3

తాతయ్య నిన్న నా పేరు మరిచిపోయారు. హైదరాబాద్ మింట్‌లో రూపాయలు ఎలా చేసేవారో మాత్రం ఇంకా గుర్తుంది. అది కూడా పోకముందే రాసుకోవాలి. మా ఇంట్లో రాయడం వచ్చింది నాకొక్కదానికే.

ఆగస్టు 5, మధ్యాహ్నం

ఇవాళ బాగా చెప్పారు. లోహాన్ని కొలిమిలో కరిగించి కడ్డీలు పోసేవారు. కడ్డీని రోలర్ల మధ్య నలిపి పట్టీగా సాగదీసి, అందులోంచి బిళ్ళలు కత్తిరించేవారు. నలిగి నలిగి గట్టిపడతాయి కదా, మళ్ళీ కాల్చి మెత్తబరచాలి. తర్వాత యాసిడ్‌లో కడిగి ఆరబెట్టి ప్రెస్‌కు పంపాలి. పైన ఒక అచ్చు, కింద ఒక అచ్చు. ఒక్క దెబ్బకు బొమ్మా బొరుసూ పడతాయి.

తాతయ్య పని ప్రెస్ దగ్గరే. బిళ్ళ మీద ఏం రాసుందో తెలిసేదా అని అడిగాను. మనకి చదువెక్కడిదే అమ్మడూ, అచ్చరం నిండుగా పడిందా లేదా అనే చూసేవోణ్ణి అని నవ్వారు.

ఆగస్టు 9

గేటు సంగతి రాయలేదు. మింట్‌లోకి సొంత చిల్లర కూడా తీసుకెళ్ళకూడదట. డ్యూటీ దిగాక గేటు దగ్గర చేతులెత్తి నిలబడాలి. జేబులు తడిమి, వెళ్ళమంటేనే బయటికి.

ఇప్పుడు తాతయ్య సాయంత్రం వీధిలోంచి రాగానే మా గుమ్మం ముందు చేతులెత్తుతున్నారు. అమ్మ మొదటి రోజు నవ్వింది. రెండో రోజు ఏడ్చింది. నేను చొక్కా జేబు తడిమి వెళ్ళండి అంటాను. ఆయ్, వస్తానండీ అని లోపలికి వస్తారు. నన్ను అండీ అంటున్నారు.

ఆగస్టు 12

జేబులో ఏమీ లేదు. పంపించేశాను.

ఆగస్టు 14

ఎగ్జామ్‌కి అమలాపురం వెళ్ళాను. వాన. బస్సు లేటు. మా ఊరు ముక్తేశ్వరం చేరేసరికి చీకటి పడుతోంది. తాతయ్య గుమ్మం ముందు చేతులెత్తి తడుస్తున్నారు. అమ్మ గొడుగు పట్టుకుని పక్కనే ఉంది. లోపలికి రండి మావయ్యగారూ, మిమ్మల్ని దొంగన్నదెవరండీ అని బతిమాలుతోంది. జేబు తడిమితే వచ్చేస్తారని అమ్మకు తెలుసు. కోడలు మావగారి ఒంటి మీద చెయ్యి ఎలా వేస్తుంది? అంజిబాబు బాబాయి లాగబోతే, చెకింగ్ అవలేదు బాబూ, ఉజ్జోగం పోద్ది అన్నారట.

పరుగెత్తి తడిమాను. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. వెళ్ళండి అన్నాను.

ఆగస్టు 17

న్యుమోనియా అన్నారు డాక్టరుగారు. అరిగిన అచ్చులు ఏం చేసేవారో అడగాలనుకున్నాను. అడగలేదు. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఆగస్టు 19

తాతయ్య పోయారు.

ఆగస్టు 20

నిన్న బాబాయి ఆచారం ప్రకారం తాతయ్య నుదుట రూపాయి బిళ్ళ పెట్టాడు. తీసెయ్యి బాబాయ్ అన్నాను. పిచ్చా నీకు, మనిషిని ఉత్తినే పంపుతారేంటే అని కసిరాడు. ఎవరూ నా మాట వినలేదు.

అప్పుడు అమ్మ లేచింది. ఇన్నేళ్ళలో మావగారిని ఒక్కసారి తాకని మనిషి, వంగి, నుదుటి మీది బిళ్ళ తీసి కొంగున ముడేసుకుంది. గేటు కాడ ఆపేత్తారు అంజిబాబూ అంది.

ఆగస్టు 21

తాతయ్యా, పదోరోజు ఇరవై ఎనిమిదిన. ఆలోపు ఒక్కసారి కల్లోకొచ్చి చెప్పండి. వెళ్ళమన్నారా?