దూదికి అంటని నీలం

మార్చి 11, మంగళవారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఓడ వంటగదిలో నీ పెనాలు వేడిగా, మిగతాదంతా చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం. ఈ ముక్క మొదట్లోనే పడాలని అమ్మ నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని మరీ చెప్పింది. రాసి, చదివి వినిపించాను. తలూపింది. మరదలు బస్సు డ్యూటీలో ఉంది. నిన్ను అడిగానని రాయమంది.

మీ ఓడ ఎక్కబోయే ఎలక్ట్రీషియన్ శనివారం ఇటుగా వెళ్తున్నాడట. అతని చేతికి ఈ కవరూ, ఒక చిన్న పొట్లమూ ఇస్తున్నాను. ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావు. మీ ఓడ ఫోన్ సంగతి నీకు తెలియనిదా? "ఎలా ఉన్నావురా" అనేసరికి గొంతు పోతుంది, "బాగు" అనేసరికి లైనే పోతుంది.

ముందు పొట్లం సంగతి. ఉప్పు గాలికి, గిన్నెల సబ్బుకి చేతులు బీటలు వారి మండుతున్నాయన్నావుగా, అందుకని మా దుకాణం నుంచి రెండు సీసాలు పెట్టాను. పెద్దది బాదం నూనె. చిన్న నల్ల సీసాలోది సీమ చామంతి నూనె, పైన కామొమైల్ అని ఉంటుంది. మూత తీస్తే సిరా అనుకుని కంగారు పడకు, దాని రంగే అంత. పువ్వు చూస్తే తెల్ల రేకులు, మధ్యలో పసుపు బొడిపె, నీలం అన్న మాటే ఉండదు. ఆవిరి పట్టి నూనె తీసేటప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో ఆ నీలం వచ్చేస్తుంది. ఇన్నేళ్లుగా ఈ నూనెలు కలుపుతున్నాను, ఇప్పటికీ నాకది వింతే. ఇంకో రకం ఉంది, లేత పసుపు రంగుది. దాని వాసన బాగుంటుంది. కానీ కందిన చర్మానికి మా యజమాని నీలందే ఇస్తాడు.

దాన్ని ఉత్తదిగా ఎప్పుడూ రాయకు. రెండు చెంచాల బాదం నూనెలో మూడు చుక్కలు, అంతే. మొదటిసారి మోచేతి లోపలి వైపు కాస్త రాసి, ఒక రోజంతా ఆగి చూడు. దురద పెట్టినా, ఎర్రబడినా కడిగేసి ఆ సీసా సముద్రంలో పారేయ్. చామంతులు పట్టుకుంటే ఒళ్లు దద్దుర్లెక్కే వాళ్లకు ఇది అస్సలు పడదు, రెండూ ఒకే జాతి కదా. మీవాళ్లెవరైనా అడిగితే ముందు ఆ మాట అడుగు. తెగిన చోట, కాలి బొబ్బలెక్కిన చోట వద్దు. పొడిబారిన చోట, గడ్డం గీసుకున్నాక మండే చోట, దోమ కుట్టి దురద పెట్టే చోట రాసుకో, కాస్త చల్లబడినట్టు ఉంటుంది. అద్భుతాలు చేస్తుందని నేననను, అలా అని అమ్మేవాళ్లు ఉన్నారు. పొయ్యి దగ్గర పెట్టకు. నీలం పోయి గోధుమ రంగుకు తిరిగితే పాడైపోయినట్టే.

ఇంత జాగ్రత్తగా రాస్తుంటే అమ్మ మొహం తిప్పుకుంది. ఎందుకో చెబుతాను. జరిగి వారం కావస్తోంది.

నీ కూతురు పిడుగుకు మెడ మడతల్లో, మోకాళ్ల వెనక చర్మం పొడిబారి ఎర్రగా కందింది. పిల్లల డాక్టరు ఇచ్చిన క్రీము రాస్తూనే ఉన్నాం. పిల్లకు ఆరో నెల నిండాక ఆయన్ని అడిగి, చిన్న గిన్నెడు బాదం నూనెలో ఈ నీలం నూనె ఒకే ఒక్క చుక్క కలిపి ఇచ్చాను. అమ్మకది నచ్చలేదు. "గిన్నెడు నూనెకి ఒక్క చుక్కా? సొంత మేనకోడలికి కూడా ఇంత పిసినారితనమేంటే?" అని సాధించింది. నేను నవ్వి ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది.

గురువారం నేను దుకాణం వెనక గదిలో నూనె వడగడుతుంటే, అమ్మ మేడ మీది ఇంట్లోంచి దిగి వచ్చి, బల్ల మీదున్న నల్ల సీసా కొంగులో పెట్టుకుని చక్కా పోయింది. పిల్లకు స్నానం చేయించింది. సీసా మొత్తం బాదం నూనెలో వంపేసింది. తల నుంచి అరికాళ్ల దాకా తీరిగ్గా పట్టించింది. అమ్మ కళ్లకు శుక్లాలు ముదిరాయి, ఆపరేషన్ అంటే వాయిదా వేస్తూనే ఉంది. ఆ మసక గదిలో ఆవిడకు నూనె ఏ రంగుదో ఏం తెలుస్తుంది? పిల్ల హాయిగా నిద్రపోయింది. అంతలో మరదలు డ్యూటీ దిగి వచ్చింది. పిల్ల పడుకుందని చెప్పి, అమ్మ పాలకు వెళ్లింది.

మరదలు కిటికీ తెర జరిపి దుప్పటి తీసింది.

ఆ కేక నేను ఈ జన్మలో మర్చిపోను. చేతిలో జల్లెడ ఎక్కడ పారేశానో తెలియదు. నేను మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెప్పులైనా లేకుండా దిగుతోంది, భుజాన టికెట్ల సంచి, చేతుల్లో పిల్ల. పిల్ల మొహం, చెవులు, పొట్ట, వేళ్ల సందులు, అన్నీ నీలం! "వదినా, పిల్ల, వదినా, పిల్ల" అంటోందే గానీ ఇంకో మాట రావడం లేదు.

ఆటో కోసం చూడలేదు. నడిరోడ్డు మీదకెళ్లి, వస్తున్న బస్సుకు ఎదురుగా నిలబడింది. అది ఆవిడ డిపో బస్సే. డ్రైవర్ బ్రేకు కొట్టి తిట్టబోయి, ఆవిడని చూసి, చేతుల్లో పిల్లని చూసి నోరు మూసుకున్నాడు. మేమెక్కగానే ఒక్క స్టాపులోనూ ఆపకుండా ఆస్పత్రి వైపు తిప్పేశాడు. బస్సు నిండా జనం. దిగాల్సిన వాళ్లు దిగాల్సిన చోటు దాటిపోతున్నా కిక్కురుమనలేదు. ఒకాయన గంట తాడు లాగబోతే పక్కావిడ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. మరదలు పిల్ల ముక్కు దగ్గర చెవి పెట్టి, "ఊపిరుంది వదినా, ఉంది, ఇంకా ఉంది" అని దారంతా చెబుతూనే ఉంది, నాకో, తనకో.

నీకో అనుమానం రావాలి ఇప్పుడు. రోజూ ఆ నూనెతో బతికేదానివి, వాసన పట్టలేదా అక్కా అని. పట్టాను. కానీ నా చేతులూ చీరా ఎప్పుడూ ఆ వాసనే కొడతాయి. అది నాదే అనుకున్నాను.

ఆస్పత్రిలో పిల్లని బల్ల మీద పడుకోబెట్టారు. సూది గుచ్చడానికి నర్సు స్పిరిట్ దూదితో చెయ్యి తుడిచింది. దూది నీలంగా వచ్చింది. నర్సు ఆ దూదిని చూసింది, మమ్మల్ని చూసింది. ఇంకో దూది తీసి గట్టిగా తుడిచింది. కింద నుంచి గులాబీ రంగు చర్మం బయటపడింది. "ఏంటమ్మా, పిల్లకు రంగేసి తీసుకొచ్చారా?" అంది. నేను ఆ దూది లాక్కుని వాసన చూశాను. నా నూనె! నా చేత్తో సీసాలో పోసిన నూనె!

నర్సు నవ్వింది. గుమ్మం దగ్గర టోపీ నలుపుతూ నిలబడ్డ డ్రైవర్ నవ్వాడు. దిగి లోపలికొచ్చిన ప్రయాణికులూ నవ్వారు. మరదలు గోడకు చేరగిలి అలాగే నేల మీదకు జారిపోయి, ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. అమ్మ పాలగిన్నెతోనే ఆటోలో రొప్పుతూ వచ్చి, విషయం విని, "చుక్కలు లెక్కపెట్టడం నాకు చేతకాదే తల్లీ" అని మాత్రం అనగలిగింది. ఆ రోజంతా మరదలు ఆవిడతో మాట్లాడలేదు.

పిడుగు ఒంటి మీద ఇప్పుడు నీలం మచ్చ లేదు. కాస్త ఎర్రబడింది, అదీ తగ్గింది. దిండు గలీబుకి అంటింది మాత్రం ఎన్ని ఉతుకులకీ వదల్లేదు. ఇదీ సంగతి. చదివి నవ్వుకో, చేతులకు నూనె రాసుకో, వేళకు తిను.

అమ్మ విని, సరిపోయింది, ఇంక అంటించెయ్ అంటోంది.

ఎప్పుడూ నీ మేలు కోరే
అక్క

తా.క.

శుక్రవారం, ఆస్పత్రి వరండా.

అంటించిన కవరు చించి ఇది రాస్తున్నాను. పైన రాసింది నిజమే, కానీ సగం. మరదలు డ్యూటీలో ఉందన్నది మాత్రం పచ్చి అబద్ధం. నేనా ఉత్తరం రాసేసరికి ఆవిడ పిల్లతో ఇక్కడే ఉంది.

తమ్ముడూ, ఆ రోజు అందరూ నవ్వారు గానీ డాక్టరమ్మ నవ్వలేదు.

పిల్లని మొత్తం తుడిచేశారు. అన్నిసార్లు తుడిచేసరికి అది గుక్కపట్టి ఏడ్చింది. ఒళ్లంతా గులాబీ రంగే. పెదాలూ, గోళ్లూ మాత్రం నీలంగానే ఉన్నాయి. నర్సు ఇంకా నవ్వుతూనే కొత్త దూది తీసి పెదాలు తుడిచింది.

దూది తెల్లగా వచ్చింది.

ఇంకోటి తీసి గోళ్లు తుడిచింది. అదీ తెల్లగానే వచ్చింది. గదిలో నవ్వు ఆగిపోయింది. డాక్టరమ్మ పిల్ల గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. కాలి వేలికి క్లిప్పు తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూశారు. తర్వాత మరదల్ని అడిగారు: "ఏడ్చినప్పుడల్లా ఇలా రంగు మారుతుందా?"

మారుతుందిరా. మనందరికీ తెలుసు. కోపమొస్తే వంకాయ రంగుకు తిరుగుతుందని చెప్పుకుని నవ్వలేదూ? పిడుగని పేరు పెట్టింది అందుకే కదా. నీకు ఫోన్‌లో చెబితే నువ్వూ నవ్వావు. ఆ ప్రశ్నకు మేం ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మరదలే తలూపింది.

స్కానింగ్‌లో తెలిసింది. గుండె గదుల మధ్య గోడకు రంధ్రం, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారి ఇరుకు. పుట్టుకతోనే ఉందట. ఆలస్యం చేయొద్దన్నారు. ఓడకు కబురు పెడదామని నేనంటే మరదలు వద్దంది. నాన్న పోయిన వార్త నడిసముద్రంలో విని, నువ్వు కాగే నూనె ఒంటి మీద ఒలకబోసుకున్నావుగా, ఆ మచ్చ రోజూ చూసిన మనిషి కదా ఆవిడ. "ఒడ్డు చేరాక చెబుదాం వదినా. అక్కడాయనకేమైనా అయితే నేను ఎటు పరిగెత్తను?" అంది. అమ్మ కూడా అదే మాట మీద నిలబడింది. నేను ఇద్దరికీ లొంగిపోయి, నవ్వుకోమని నీకు ఉత్తరం రాశాను.

అమ్మ సంగతి చెబితే నమ్మవు. ఆవిడకు ఇంకా ఒకటే భయం. కనిపించిన డాక్టరునల్లా ఆపి, "నేను రాసిన నూనె లోపలికి దిగి గుండెకు అంటిందా బాబూ?" అని అడుగుతోంది. కాదని ఎందరు చెప్పినా వినదు. చివరికి నిన్న గుండె డాక్టరు ఆవిడ పక్కన కూర్చుని, కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. శుక్లాల కళ్లకు ఆ బొమ్మ ఏం కనిపించిందో గానీ, దాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుంది.

బుధవారం పొద్దున ఆపరేషన్ అయింది. రంధ్రం మూశారు, ఇరుకు దారి వెడల్పు చేశారు. తలుపు తెరిచి బయటికొచ్చిన డాక్టరు ముందుగా "బాగా జరిగింది" అన్నాడు. ఆ తర్వాత ఆయన చెప్పిందేదీ నా చెవికెక్కలేదు. ఇంకా కొన్నాళ్లు ఇక్కడే ఉండాలి, జాగ్రత్తలు చాలా ఉన్నాయి. అవన్నీ నువ్వొచ్చాక. ఒడ్డు చేరగానే ఫోన్ చెయ్. మరదలికి చెప్పే ఇది రాస్తున్నాను, ఇక దాచొద్దంది.

ఇందాక పిల్ల నోట్లో గొట్టం తీసేశారు. నన్నూ రెండు నిమిషాలు లోపలికి రానిచ్చారు. గొంతు బొంగురుపోయింది, అయినా పిడుగు పిడుగే, కళ్లు తెరిచి మమ్మల్ని చూడగానే అందుకుంది ఏడుపు. నేను బుజ్జగించబోతే మరదలు నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. వంగి, పిల్ల మొహం మీద మొహం పెట్టి, ఆ పెదాల వంకే చూస్తోంది. ఎర్రగా ఉన్నాయి తమ్ముడూ. గుక్కపట్టి ఏడుస్తున్నా ఎర్రగానే ఉన్నాయి.

"ఉండండి వదినా," అంది, "ఇంకాసేపు ఏడవనివ్వండి. చూడనివ్వండి నన్ను."