పేరు కొట్టించిన గ్లాసు

ప్రసాదూ,

ఈరోజు బాపట్లలో మా చిన్నాడికి ఇంజెక్షన్ చేయించాను. నీ జబ్బే వాడికీ వచ్చింది. దెబ్బ తగిలితే రక్తం ఓ పట్టాన ఆగదు. నర్సు మందు డబ్బా చూపించి, "ఇప్పుడు వైరస్‌ని చంపాకే పంపిస్తున్నారండి, భయపడకండి" అంది.

నీ రోజుల్లో ఆ జాగ్రత్త లేదు. ఎందరెందరి రక్తంలోంచో తీసిన ప్లాస్మాను కలిపి చేసిన మందు అది. దానివల్లే నీకు హెచ్ఐవి వచ్చింది.

ఆ సంగతి తెలిసిన వారమే నేను తెనాలి వెళ్ళి, స్టీలు గ్లాసు కొని, దానిమీద నీ పేరు కొట్టించి తెచ్చాను. పొరపాటున కూడా మేమెవరం అందులో తాగకూడదని. గ్లాసు వల్ల అంటుకోదని డాక్టరు చెప్పినా నాకు నమ్మకం కుదరలేదు. నువ్వు మాత్రం "నాకోసమేనా అక్కా?" అని మురిసిపోయావు. రేపల్లెలో మన ఇంటికి ఎవరొచ్చినా దాన్ని చూపించేవాడివి.

"నీకోసమేరా" అన్నాను.

నువ్వు పోయి ఎనిమిదేళ్ళయింది. ఇందాక ఇంటికి రాగానే చిన్నాడు ఆ గ్లాసుతోనే మంచినీళ్ళు తాగాడు. అక్షరాలు తడుముతూ, "మావయ్య ఒక్కడికే పేరెందుకు కొట్టించావమ్మా?" అని అడిగాడు.

"ముద్దుకొద్దీరా" అన్నాను.

నీలాగే వాడూ నమ్మాడు.