చివరి మనిషి ఎక్కేదాకా

ప్రియమైన నా చిల్లరమూటకి,

ముందు కూర్చో తల్లీ. ఇది నిలబడి చదివే ఉత్తరం కాదు. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే నేను రెండు మాటలు చెప్పేలోపే "ఊ, తర్వాత?" అని తరుముతావు. ఉత్తరాన్ని తరమలేవు.

మీ నాన్న గైడు కాబోతున్నాడు. అడవి గైడు. మన పన్నెండో నంబరు బస్సు ఆఖరి స్టాపు, ఊరి చివర అడవి గేటు, గుర్తుందా? ముప్పై ఒక్క ఏళ్లు కండక్టరుగా జనాన్ని అక్కడ దింపాను కానీ నేను ఒక్కసారైనా లోపల అడుగు పెట్టలేదు. బండి ఎనిమిది నిమిషాల్లో తిరగాలి. మంచినీళ్లు తాగి నడుం చాచేసరికే ఎనిమిది అయిపోయేవి. వడ్డించేవాడి ఆకలి ఎవరికి పట్టింది చెప్పు.

రిటైరయ్యాక తీరిగ్గా వెళ్లాను. లోపల ఒక పాత దారి ఉందమ్మా. రైళ్లు రాకముందు కంచరగాడిదల మీద తపాలా సంచులు మోసుకెళ్లిన దారట. నేలంతా రాళ్లు పరిచి ఉంది. గాడిదల గిట్టలకి ఆ రాళ్లు గిన్నెల్లా గుంటలు పడ్డాయి, ముందురోజు వానకి ఒక్కో గుంటలో ఒక్కో ముక్క ఆకాశం. మూడో మైలురాయి దగ్గర పైకప్పు లేని రాతి గది. అక్కడ గాడిదలని మార్చుకునేవాళ్లట. అంటే అది వాళ్ల డిపో అన్నమాట. నాకు కళ్లనీళ్లు తిరిగాయి, నవ్వకు.

ప్రతి ఆదివారం ఊళ్లోవాళ్లని ఆ దారిన నడిపించడానికి మనుషులు కావాలని గేటుకి కాగితం అంటించారు. వెళ్లి పేరిచ్చాను. రేంజరు మేడం చిన్నవయసే కానీ నవ్వితే జీతం కోస్తారన్నట్టు ఉంటుంది. మూడు ఆదివారాలు పరీక్ష. పొద్దున ఏడింటికి బయల్దేరి పన్నెండుకల్లా అందరినీ గేటుకి తిరిగి తేవాలి. నెగ్గితే చొక్కాకి పెట్టుకునే ఇత్తడి బిళ్ల ఇస్తారు. నిజం చెప్పనా? డ్యూటీ బిళ్ల తిరిగిచ్చేసిన రోజు నుంచీ నా చొక్కా ఎడమవైపు తేలికైపోయింది. ఆర్నెల్లుగా చెయ్యి ఊరికే అటు పోతోంది. ఆ బిళ్ల నాకు కావాలమ్మా.

మన డ్రైవరు బావ కూడా నాతో వస్తున్నాడు. ఆయన ముందు, నేను వెనక. పంతొమ్మిదేళ్లు ఒకే బండి మీద చేశాం, మాకు ఇంకో పద్ధతి తెలీదు. మీ అమ్మ అయితే "ముందు కూరగాయల కొట్టు దారి సరిగ్గా గుర్తుపెట్టుకోమను" అంది. దీవించడంలో ఆమె తీరు అది.

ఆనందం ఆపుకోలేక కలం మాత్రం ఆపుతున్న,
మీ నాన్న

* * *

ప్రియమైన నాన్నకి,

కూర్చునే చదివాను. కళ్లజోళ్ల షాపులో నా పక్క సీటు అక్కయ్యకి కూడా చదివి వినిపించాను. గాడిదల డిపో దగ్గర ఆవిడా కళ్లు తుడుచుకుంది, కాబట్టి నువ్వొక్కడివే కాదు.

కానీ నాన్నా, మోకాలి మాట ఒక్కటీ రాయలేదే? పోయినేడు ఆపరేషనయ్యాక మేడమీదికి పదకొండు మెట్లు ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో నేను గడియారం పెట్టి చూశాను. డాక్టరుని అడిగావా, లేక అడిగితే వద్దంటాడని అడగలేదా?

ఇంకో సంగతి. నువ్వెప్పుడైనా దారి చూశావా? జీవితమంతా జనం వైపు తిరిగి నిలబడి, వెనక్కి చూస్తూ ప్రయాణం చేశావు. నన్ను బడికి తీసుకెళ్లేటప్పుడు కూడా రెండుసార్లు పక్క వీధి బడికి తీసుకెళ్లి వదిలేశావు. అక్కడి టీచరు నన్ను బాగానే చూసుకుందిలే, అది వేరే మాట.

ఆ బిళ్ల లేకపోతే ఏం? నేను ఇత్తడి ముక్క ఒకటి చేయించి పంపుతాను, ఇంట్లో పెట్టుకు తిరుగు.

కోపం కొంచెం, దిగులు ఎక్కువ ఉన్న
నీ చిల్లరమూట

* * *

ప్రియమైన నా తల్లికి,

ఇంట్లో పెట్టుకు తిరిగే బిళ్ల నీ దగ్గరే ఉంచుకో.

రెండు ఆదివారాలు గట్టెక్కేశాం. మొదటి వారం పద్నాలుగు మంది, రెండో వారం ఇరవై ఒక్క మంది. అందరం పన్నెండు లోపే గేటు దగ్గర. నా పాత విజిలు తీశాను. ఒకటి ఊదితే ఆగడం, రెండు ఊదితే కదలడం. జనం భలే సరదా పడ్డారు. ఒక లెక్కల మాస్టారు వచ్చాడు, రిటైరైనవాడే. మైలురాళ్ల మధ్య దూరం అడుగులతో కొలిచి, "ఇది మైలు కాదండీ, నలభై గజాలు తక్కువ" అన్నాడు. బావ వెనక్కి తిరక్కుండానే, "గాడిదలకి చెప్పండి మాస్టారూ, మిగిలింది నడిచి వెళ్తాయి" అన్నాడు. ఆయన జోకు వెయ్యడం నేను వినడం అదే మొదలు. బండిలో ఇంజను మోతకి ఆయన మాట నాదాకా వచ్చేదే కాదు.

మోకాలు ముసలి అత్తగారిలా గొణుగుతోంది కానీ పని మానడం లేదు. డాక్టరుని అడుగుతాను. వచ్చే వారం.

మూడో ఆదివారం రేంజరు మేడం స్వయంగా మాతో నడుస్తారట. ఎందుకో ఉన్నట్టుండి చెప్పారు. రానీ, మా సర్వీసు చూస్తారు.

ఇక బిళ్ల కోసం గుండీ పక్కన చోటు ఖాళీ ఉంచిన
మీ నాన్న

* * *

ప్రియమైన నాన్నకి,

మూడో ఆదివారం అయిపోయి పద్దెనిమిది రోజులు. ఫోన్ చేస్తే "బాగానే ఉన్నా, ఇదిగో అమ్మకిస్తున్నా" అంటావు. అమ్మనడిగితే "మీ నాన్ననే అడుగు" అంటుంది. డ్రైవరు మామయ్యకి చేస్తే "నన్నడక్కమ్మా, నాకు వెనక సంగతి తెలీదు" అన్నాడు. ఏం జరిగింది? మోకాలా? ఎవరికైనా దెబ్బ తగిలిందా? రాయకపోతే సెలవు పెట్టి వచ్చేస్తాను.

నిద్ర పట్టని
నీ చిల్లరమూట

* * *

ప్రియమైన అమ్మాయికి,

రాకు. సెలవు పాడుచేసుకోకు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నా పరువుకి తప్ప.

రెండో రాయి దాటాక దారి రెండుగా చీలుతుంది. అక్కడుండే బోర్డు ముందురోజు గాలికి పడిపోయింది. ఆ రోజు వరసలో ఆఖర్న చేతికర్ర పట్టుకున్న పెద్దావిడ ఉంది. ఆవిడ ఒక రాయి మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఆవిడ లేచింది, చెప్పు సర్దుకుంది, నాలుగడుగులు వేసి అందర్నీ కలిసింది. నేను రెండు విజిళ్లు ఊదాను. అందరూ ఎక్కేశారు, పోనీ అని. నా ఒంట్లో ఉన్నదే అంత.

అక్కడ ముందు బావ చీలిక దగ్గర ఎటెళ్లాలా అని నిలబడి ఉన్నాడట. రెండు విజిళ్లు వినపడేసరికి, ఆయన మొహం ఎటుందో అటే సరైన దారని నడిచేశాడు. ఆయన నా విజిల్ని నమ్మాడు. నేను ఆయన స్టీరింగ్‌ని నమ్మాను. దారిని చూసినవాళ్లు మాత్రం ఇద్దరిలో ఎవరూ లేరు.

ఆగుతూ ఆగుతూ మూడు గంటలు దిగాం. అడవి పలచబడింది, ఒక గోడ వచ్చింది, గోడలో తలుపు. తోసుకుని వెళ్తే ఎక్కడ తేలామనుకున్నావు? మన డిపోలో. బస్సులు కడిగే చోట. పంతొమ్మిది మంది జనం, మధ్యలో నోట్‌బుక్కు పట్టుకుని రేంజరు మేడం, వెనక నేను. మెకానిక్కు పైపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "ఏంటి కండక్టరు గారూ, రిటైరైనా ట్రిప్పు మానలేదా? ఈసారి బండి కూడా లేకుండా తెచ్చారే" అన్నాడు. అందరూ నవ్వారు. మేడం నవ్వలేదు. చీలిక దగ్గరే తప్పని ఆవిడకి తెలుసట, ఏం చేస్తామో చూద్దామని ఊరుకున్నారట. టైము పన్నెండున్నర.

"తర్వాత కబురు చేస్తాను" అన్నారు. ఆ కబురు రాలేదు. వస్తే ఏముంటుందో నాకు తెలుసు. బావ ఆ రోజు నుంచీ మా ఇంటి వైపు రావడం లేదు. నీ మాట వింటే బాగుండేది.

మీ నాన్న

* * *

ప్రియమైన నాన్నకి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. చెప్పేస్తున్నాను. మేడం ఊరికే రాలేదు. నేనే రాశాను ఆవిడకి. అడవి ఆఫీసు చిరునామా కనుక్కుని, నీ మొదటి ఉత్తరానికి జవాబు వేసిన రోజే రాశాను. నీకు బిళ్ల ఇవ్వొద్దని రాశాను. నీ మోకాలి సంగతి, ఆపరేషన్ సంగతి, నీకు దారి చూడడం రాదని, అన్నీ.

భయమేసింది నాన్నా. నీ సంతోషం చదివిన కొద్దీ ఎక్కువైంది. ఎదురుగా చెబితే వినవని వెనకనుంచి వెళ్లాను. నీ చొక్కా మీద ఖాళీ నా వల్లే. తిట్టు. ఫోన్లో వద్దు, ఉత్తరంలో తిట్టు, దాచుకుంటాను.

తల దించుకున్న
నీ చిల్లరమూట

* * *

ప్రియమైన నా బంగారు చిల్లరమూటకి,

తిట్టడానికే కూర్చున్నాను కానీ కలానికి తిట్లు రావడం లేదు. నీ ఉత్తరం వచ్చేసరికే నాకంతా తెలుసు. అంతకు ముందే మేడం ఆఫీసుకి రమ్మన్నారు. బల్ల మీద నీ చేతిరాత. నా కూతురి గుండ్రటి అక్షరాలు నేను పోల్చుకోనా?

ఆవిడ చదివి వినిపించారు. "మా నాన్న దారి చూడడు. చివరి మనిషి ఎక్కేదాకా బండి కదలనివ్వడు. ఎవరైనా వెనకబడితే తనూ వాళ్లతో కూలబడతాడు. ఇలాంటివాడు గైడుగా పనికిరాడు." నేను తలొంచుకుని విన్నాను. చదవడం అయ్యాక కాగితం మడిచి ఏమన్నారో తెలుసా? "ముందు నడిచేవాళ్లు నా దగ్గర ఐదుగురున్నారు, అందరూ కాళ్లకి చక్రాలున్నవాళ్లే. పోయినేడు నలుగురు తప్పిపోయి దొరికారు. నలుగురూ వరసలో ఆఖరివాళ్లే. చివర నడిచే మనిషి కోసం మూడేళ్లుగా చూస్తున్నాను. మీ అమ్మాయి ఫిర్యాదు రాశాననుకుంది. నాకది సిఫారసులా ఉంది. ఆ రోజు నేను చూడ్డానికొచ్చింది అదే. ఆ పెద్దావిడ కూర్చుంటే మీరూ కూర్చున్నారు. నాకది చాలు."

జీతం కోసినా సరే అన్నట్టు అప్పుడు నవ్వారమ్మా.

కాకపోతే షరతులున్నాయి. ముందు నడిచేది వాళ్ల మనిషే. డాక్టరు కాగితం తేవాలి. తెచ్చాను. పట్టీ కట్టుకుని, కర్ర పట్టుకుని, నెమ్మదిగా నడవొచ్చన్నాడు. చివర నడిచేవాడికి నెమ్మదిగా నడవడమే ఉద్యోగం కదా. డాక్టరు ఫోన్ నంబరు కింద రాశాను, నమ్మకం లేకపోతే అడుగు.

బావకి ఎలా చెప్పాలా అని రెండు రోజులు మథనపడ్డాను. ముందు చోటు ఆయనది, అది పోయింది. వెళ్లి చెప్పాను. గుమ్మంలోనే నిలబడి విని, "సరే, నీకన్నా వచ్చింది" అని తలుపేసుకున్నాడు. మొన్న ఆదివారం చూస్తే గేటు దగ్గర అందరితో పాటు చీటీ తీసుకుని నిలబడి ఉన్నాడు. "ఏం బావా?" అంటే, "ప్యాసింజర్ని. ఏం, ఎక్కించుకోవా?" అన్నాడు. వరసలో ఆఖర్న, నా పక్కన నడిచాడు.

రెండో రాయి దాకా అలవాటు కొద్దీ నేలకేసే చూస్తూ నడిచాడు. అప్పుడు ఎందుకో తల పక్కకి తిప్పాడు. ఆగిపోయాడు. "బావా, ఈ చెట్లన్నీ మనం వచ్చినప్పుడు కూడా ఉన్నాయా?" అన్నాడు. ఉన్నాయన్నాను. "పూలు కూడా?" అన్నాడు. రోడ్డు మీదనుంచి కన్ను తీస్తే నలభై ప్రాణాలు పోతాయని బతికిన మనిషి తల్లీ. ఆ రోజు మైలున్నర మెడ తిప్పుకుంటూనే నడిచాడు. ముందువాళ్లు మాకోసం మూడుసార్లు ఆగారు.

పంతొమ్మిదేళ్లు ఒకే బండిలో తిరిగినా మా మధ్య ఎప్పుడూ బండెడు జనం. ఆయన ఎడమ చెవి కింద పుట్టుమచ్చ ఉందని నాకు ఇప్పుడు తెలిసింది. నేను నడుస్తూ నాలో నేనే మాట్లాడుకుంటానని ఆయనకి ఇప్పుడు తెలిసిందట. "అందరితో మాట్లాడుతున్నావేమో అనుకునేవాణ్ని ఇన్నాళ్లూ" అన్నాడు.

బిళ్ల పెట్టుకునే రాస్తున్నాను. మీ అమ్మ చింతపండుతో తోమి మరీ ఇచ్చింది. నువ్వు సెలవు పెట్టిరా. వచ్చి, ముందుకి పరిగెత్తకు. మా ఇద్దరి పక్కనే చోటుంది. ఎంత ఆలస్యమైనా సరే, నువ్వు వచ్చేదాకా విజిలు ఊదను.

చివర నడిచే,
మీ నాన్న